ఆఫీసులో స్టాఫ్ దాచుకున్న తెలివి బయటికి రావాలంటే: విజయవాడ, గుంటూరు ఓనర్లకి, మేనేజర్లకి ఒక గైడ్

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఏ ఆఫీసుకెళ్ళినా ఓనర్లనే మాట ఒకటే, "అంత డబ్బు పోసి సాఫ్ట్‌వేర్ పెట్టించామండీ, బిల్లు కొట్టడానికి తప్ప ఎవరూ వాడట్లేదు" అని. ఈ రెండూళ్ళలో చిన్నాచితకా ఆఫీసులకి టాలీ, షీట్లు, స్టాక్ సాఫ్ట్‌వేర్లు పెట్టిచ్చే పని నాది, కాబట్టి ఈ మాట వినీ వినీ అరిగిపోయింది. కానీ ఓనర్ క్యాబిన్ దాటొచ్చి స్టాఫ్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటే సంగతి వేరేగా ఉంటుంది. డెస్క్‌టాప్ మీద ఓ మూల "న్యూ ఫోల్డర్ 3" అని ఉంటుంది, అందులో ఒక ఎక్సెల్ ఫైలు, దానికి రంగులు, ఫార్ములాలు, పార్టీల పేర్లు టైప్ చెయ్యక్కర్లేకుండా డ్రాప్‌డౌన్లు, ఇంత పని చేసి పెట్టుకుంటారు, ఓనర్‌కి అలాంటిదొకటుందని కూడా తెలీదు. ఎందుకమ్మా చెప్పలేదు అంటే ముందు "అడగలేదు సార్" అంటారు, కాస్త చనువయ్యాక "చెప్తే ఈ పనులెవరు చెయ్యమన్నారు అంటారు సార్" అంటారు.

అంటే తెలివి లేక కాదు, ట్రైనింగ్ చాలక కూడా కాదు. ఆ టీమ్‌లో ఉన్న వాతావరణమే తేలుస్తుంది, ఆ తెలివి టేబుల్ మీదకి రావాలా ఫోల్డర్లో దాక్కోవాలా అని. ఈ గైడ్ ఆ వాతావరణం మార్చుకోవడం గురించే, సాఫ్ట్‌వేర్ గురించి కాదు. 5 నుంచి 30 మంది దాకా ఉండే ఆఫీసుల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, పెద్ద కంపెనీలకి హెచ్‌ఆర్ వాళ్ళుంటారు, వాళ్ళ బాధలు వాళ్ళవి.

ఏ వాడకం గురించి చెప్తున్నానంటే

2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగిపోయింది, నీళ్ళు తీశాక ఇళ్ళ నిండా బురదే, అప్పుడు ఫైరింజన్లు తెప్పించి ఇళ్ళూ వీధులూ కడిగించారు గుర్తుందా. ఫైరింజన్ కొన్నది మంటలార్పడానికి. కానీ అది గట్టిగా నీళ్ళు కొట్టే మిషన్ కూడా అని ఒకరికి తట్టాలి, తట్టింది పైకి అనాలి, అన్నప్పుడు పైవాళ్ళు "సరే కానీయండి" అనాలి. ఈ మూడూ కుదిరితేనే పని జరుగుతుంది. మన ఆఫీసుల్లో మొదటిది రోజూ జరుగుతూనే ఉంటుంది, రెండో దాని దగ్గరే బండి ఆగిపోతుంది.

ఆఫీసులో ఇలాంటివి ఎలా ఉంటాయో చెప్తా. ఆటోనగర్లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లారీల కాగితాలు చూసే అమ్మాయి ఒక గూగుల్ షీట్ చేసింది. లారీ నంబరు, దాని పక్కన ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, పర్మిట్, పొల్యూషన్ ఎప్పటితో అయిపోతాయో నాలుగు కాలమ్స్. కండిషనల్ ఫార్మాటింగ్‌లో టుడే ఫార్ములా పెట్టి, గడువు ఇంకా 15 రోజుల్లోపే ఉంటే గడి పసుపు, దాటిపోతే ఎరుపు వచ్చేట్టు చేసింది. అంతే. పొద్దున్నే షీటు తెరిస్తే ఏ బండి రోడ్డెక్కకూడదో కళ్ళ ముందుంటుంది, చెక్‌పోస్టులో పట్టుకున్నాక డ్రైవర్ ఫోన్ చేసేదాకా ఆగక్కర్లేదు. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తా ఏం చేస్తాడంటే మిర్చి టిక్కీలు దిగేటప్పుడు బస్తా మీద వేసిన మార్కు, ఛాంబర్ నంబర్ రాసిన చీటీ రెండూ ఒకే ఫోటోలో వచ్చేట్టు తీసి గూగుల్ ఫోటోస్‌లో పడేస్తాడు, రైతొచ్చి నా సరుకెక్కడ అంటే ఆ నంబరు టైప్ చేసి వెతుకుతాడు, ఫోటోలో రాసున్నది కూడా అది చదివి చాలాసార్లు పట్టేస్తుంది. వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ షాపులో వాట్సాప్ బిజినెస్‌లో ఉండే లేబుల్స్‌ని బాకీ వసూలుకి వాడతారు, "ఈ వారం అడగాలి", "మాటిచ్చారు", "ఓనర్ గారే మాట్లాడాలి" అని మూడు రంగులు. వీటిలో ఏదీ సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు నేర్పింది కాదు, ఏ దానికీ రూపాయి ఖర్చవలేదు.

ఒక టెక్నాలజీని జనం ఎందుకు వాడతారు అనే దాని మీద ఫ్రెడ్ డేవిస్ అనే ఆయన 1989లో రాసింది ఇప్పటికీ అందరూ చెప్తుంటారు, ఉపయోగపడుతుంది అనిపించాలి, తేలిగ్గా ఉందనిపించాలి అని. నిజమే, కానీ నేను చూసినంతలో అది వాడటం మొదలెట్టే దాకానే పనికొస్తుంది. అక్కణ్ణించి కొత్త దారులు తొక్కాలంటే పక్కనున్న మనుషులు ఎలాంటివాళ్ళు అన్నదే లెక్కలోకొస్తుంది. మైఖేల్ వెస్ట్ అని టీముల మీద చాలా పని చేసిన ఇంకో ఆయన, కొత్త ఆలోచనలు పుట్టే టీమ్ వాతావరణంలో నాలుగుంటాయన్నాడు: ఎటు పోతున్నామో అందరికీ తెలియడం, భయం లేకుండా నోరు విప్పగలగడం, పని బాగా చెయ్యాలన్న పట్టుదల, కొత్తదానికి ఉత్తుత్తి మాటగా కాకుండా నిజంగా సాయం దొరకడం. నా అనుభవంలో మనవైపు ఆఫీసుల్లో మొదటిదీ మూడోదీ బానే ఉంటాయి, పని రాక్షసులం మనం. దెబ్బంతా రెండూ నాలుగు దగ్గరే.

ముందు మీ ఆఫీసు ఎలా ఉందో ఒక వారం గమనించండి

సర్వేలు, గూగుల్ ఫామ్‌లు పంపకండి, పేరు రాయక్కర్లేదని చెప్పినా చేతిరాతతో సహా మా సార్ కనిపెట్టేస్తారు అని నమ్మే జనం ఉంటారు, అందరూ 5కి 5 ఇచ్చేస్తారు. దాని బదులు కొన్ని గమనించండి. ఆఫీస్ వాట్సాప్ గ్రూపులో మీరు పెట్టిన మెసేజ్ కింద "ఓకే సార్", దండాల బొమ్మ తప్ప ఇంకేమైనా వస్తుందా? ఎవరైనా ఎదురు ప్రశ్న వేసి ఎన్నాళ్ళైంది? "నాకిది రాదు సార్, చూపించండి" అని మీ ముందు అన్నవాళ్ళున్నారా? మీరు హాల్లోకి రాగానే ఎవరైనా చటుక్కున విండో మార్చేస్తున్నారా? మార్చేస్తే అది యూట్యూబే అవ్వాలని లేదు, చాలాసార్లు వాళ్ళ సొంత షీటే ఉంటుంది.

ఇంకోటి, డౌట్ వస్తే ఎవర్ని అడుగుతున్నారో చూడండి. ప్రతి ఆఫీసులోనూ హోదా లేని గురువు ఒకరుంటారు, ప్రింటర్ ఆగినా, టాలీలో ఎంట్రీ దొరక్కపోయినా, పీడీఎఫ్ సైజు తగ్గాలన్నా అందరూ ఆ కుర్చీ దగ్గరకే పోతారు. ఆ మనిషి ఎవరో తెలిస్తే సగం పని అయినట్టే. ఎక్కువ ఆఫీసుల్లో అది ఎవరో కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయి అయ్యుంటుంది, మీటింగ్‌లో మాత్రం చివరి వరసలో కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడదు.

కొత్తది చూపించిన మొదటి నిమిషం

ఇదొక్కటి సరిగ్గా చేస్తే మిగతా గైడ్ చదవకపోయినా పర్లేదు. ఎవరైనా ధైర్యం చేసి "సార్, ఇలా చేస్తే తొందరగా అయిపోతుంది" అని స్క్రీన్ చూపించినప్పుడు మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట, అది హాలంతా వింటుంది, ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టే ఉంటారు గానీ అందరి చెవులూ అటే ఉంటాయి.

మనకి అలవాటైన మాటలు కొన్నున్నాయి, వాటిని ఆపుకోవాలి. "ఇన్నాళ్ళూ ఇది లేకుండా జరగలేదా?" "ముందు చెప్పిన పని చూడమ్మా." "ఇవన్నీ నీకెవరు చెప్పారు?" "తేడా వస్తే నీదే బాధ్యత." ఈ ఆఖరిది మరీ చేటు, ఎందుకంటే వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ కొత్తది చేస్తే తేడా వస్తే నాది, పాత పద్ధతిలో తేడా వస్తే ఎవరిదీ కాదు అని తెలిశాక ఎవరు కొత్తది ముట్టుకుంటారు చెప్పండి.

మరేం అనాలి? ముందు కూర్చోండి. నిలబడి చూసి వెళ్ళిపోతే చూసినట్టు కాదు. "ఏదీ, మొదట్నించీ ఒకసారి చెయ్యి" అనండి. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న, "ఇది చెయ్యకముందు నీకు ఎక్కడ విసుగొచ్చేది?" ఈ ప్రశ్నకొచ్చే జవాబులో మీ ఆఫీసులో ఏ పని ఎక్కడ ఇరుక్కుంటుందో మొత్తం బయటపడుతుంది, కన్సల్టెంట్‌కి డబ్బులిచ్చినా రాదు ఆ సమాచారం. బాగోకపోతే బాగోలేదని చెప్పండి, కానీ ఎందుకో చెప్పండి, "ఈ పార్టీకి డిస్కౌంట్ వేరే, దీంట్లో అది పడట్లేదు, అది కూడా పట్టేట్టు చెయ్యగలవేమో చూడు" అంటే ఆ మనిషి రేపు మళ్ళీ వస్తుంది. ఊరికే "ఊఁ బానే ఉంది" అని ఫోనెత్తితే రాదు.

అతిగా పొగడటం కూడా తప్పే. పాతికేళ్ళనించి లెక్కలు రాస్తున్న గుమస్తా గారు పక్కనే ఉండగా, నిన్నగాక మొన్న చేరిన కుర్రాణ్ణి "చూశారా వీడు గంటలో చేసేశాడు, మీరు మూడు రోజులు తీసుకుంటారు" అన్నారనుకోండి, ఆ కుర్రాడికి ఆ ఆఫీసులో ఇక ఎవరూ సాయం చెయ్యరు.

పెద్దాయనతో ఎలా

ఆ గుమస్తా గారి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆయన్ని అడ్డంకి కింద చూస్తారు. ఆయన కంప్యూటర్ వద్దనడు, మీరు గమనిస్తే "కంప్యూటర్ని నమ్ముకుంటే అయినట్టే" అంటాడు, ఆ రెండూ వేరు. ఏ పార్టీ సంక్రాంతికి ముందు ఇస్తాడో, ఎవరి చెక్కు రెండోసారి వేస్తేనే పాసవుతుందో, ఏ ఊరి రైతు సరుకు ఎప్పుడూ తూకానికి కాస్త ఎక్కువొస్తుందో ఆయన బుర్రలో ఉంది. ఆ షీటు వచ్చేస్తే నాతో పనేంటి అన్నది ఆయన భయం, పైకి చెప్పడు. కాబట్టి కొత్తది ఏదొచ్చినా ఆయన చేతికిచ్చి "బాబాయ్ గారూ, దీంట్లో తప్పులు పట్టండి" అనండి. నేర్చుకోండి అనకండి, తప్పు పట్టమనండి. ఆయన పట్టేస్తాడు, నిజంగానే పట్టేస్తాడు. "ఇందులో పాత బాకీకి వడ్డీ ఏదీ?" అంటాడు, ఆ అమ్మాయి ఇంకో కాలమ్ వేస్తుంది, మూడోరోజుకి "మా షీటు" అని ఆయనే పార్టీలకి చెప్తుంటాడు. ఇది నేను చాలాచోట్ల చూశా.

జీతం తగ్గదు, ఉద్యోగం పోదు అని మాత్రం నోటితో స్పష్టంగా చెప్పండి. అది నిజం కాకపోతే ఈ గైడ్ మీకు పనికిరాదు.

ప్రయోగం చెయ్యడానికి చోటూ, టైమూ

ధైర్యంగా నొక్కి చూడండి అంటే సరిపోదు, నొక్కితే కొంప మునగని చోటు ఒకటి చూపించాలి. టాలీలో ఐతే మీ కంపెనీ డేటా బ్యాకప్ తీసి, వేరే ఫోల్డర్లో రీస్టోర్ చేసి, పేరు చివర "ప్రాక్టీస్" అని పెట్టండి, ఇష్టమొచ్చినట్టు వోచర్లు కొట్టుకుంటారు. లైసెన్స్ లేకుండా ఎడ్యుకేషన్ మోడ్‌లో కూడా నేర్చుకోవచ్చుగా అంటారు, నేర్చుకోవచ్చు గానీ నెలలో ఏవో కొన్ని తారీఖులకి తప్ప ఎంట్రీ తీసుకోదు, నిజం డేటాతో ఆడుకున్నట్టుండదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఐతే 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ ఉండే సాఫ్ట్‌వేరే వాడాలి, ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో రికార్డు అవుతుంది, ఆపడానికి వీల్లేదు, కాబట్టి అసలు పుస్తకాల్లో ప్రయోగాలు అస్సలొద్దు. గూగుల్ షీట్లో ఐతే ఇంకా సుఖం, ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ అని ఉంటుంది, నిన్న సాయంత్రం షీటు ఎలా ఉందో అలా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ ఒక్కటి అందరికీ చేసి చూపించండి, అందరి ముందూ షీటులో ఉన్నదంతా డిలీట్ కొట్టి మళ్ళీ తెప్పించండి, ఆ ఐదు నిమిషాలకి వచ్చే ధైర్యం రెండ్రోజుల ట్రైనింగ్‌కి రాదు.

ముట్టుకోకూడనివి కూడా చెప్పెయ్యాలి, ఒక కాగితం మీద రాసి గోడకి అంటించినా తప్పులేదు. ఫైల్ చేసేసిన జీఎస్టీ బిల్లులు, జీతాల షీటు, బ్యాంకు పాస్‌వర్డులు, ఓటీపీలు. హద్దు ఎక్కడుందో తెలిస్తే జనం దాని దాకా వస్తారు, తెలీకపోతే గడప దగ్గరే ఆగిపోతారు.

ఇక టైము. 11వ తారీఖుకి జీఎస్టీఆర్ 1, 20కి 3బి అని నెలనెలా జీఎస్టీ రిటర్నులుంటాయి, ఈ మధ్యలో అకౌంట్స్ వాళ్ళ దగ్గరకెళ్ళి కొత్తగా ఏమైనా ఆలోచించండమ్మా అంటే చేతిలో ఉన్న స్టాప్లర్ విసురుతారు. 20 దాటాక, నెలాఖరు హడావిడి మొదలవకముందు, ఆ వారం మంచిది. మిర్చి కమీషన్ వ్యాపారం, కోల్డ్ స్టోరేజీ ఐతే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాటే ఎత్తకండి, యార్డుకి రోజుకి లక్ష టిక్కీలు దాటి వచ్చే రోజులుంటాయి, తినడానికే తీరిక ఉండదు. యార్డుకి ఎండాకాలం సెలవులిస్తారు చూశారా, అప్పుడు పెట్టుకోండి. బట్టల షాపులైతే దసరా, సంక్రాంతి, పెళ్ళిళ్ళ సీజన్ వదిలేసి ఆషాఢంలో చూసుకోవచ్చు, అదీ ఆషాఢం డిస్కౌంట్ సేల్ పెట్టని షాపైతేనే.

పని భారం, పనిలో స్వేచ్ఛ, ఈ రెండూ కంప్యూటర్‌తో కొత్తవి ప్రయత్నించడాన్ని ఎలా మారుస్తాయో అహుజా, థాచర్ అని ఇద్దరు పరిశోధకులు 2005లో రాశారు, అందులో మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఆ ప్రభావం ఒకేలా లేదని తేలింది. మన ఆఫీసుల్లో దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఆరున్నరకి పని అయ్యాక "కాసేపు కూర్చుని కొత్త ఫీచర్లు చూద్దాం" అంటే తెనాలి, మంగళగిరి నుంచి బస్సులో వచ్చి వెళ్ళే అమ్మాయికి అది కుదురుతుందా? మిగిలిన ముగ్గురు కుర్రాళ్ళు కూర్చుంటారు, వాళ్ళకి ఇంట్రెస్టుంది ఈమెకి లేదు అని పేరు పడుతుంది. ఏం పెట్టినా ఆఫీసు టైములోనే పెట్టండి. వారానికోసారి, మధ్యాహ్నం టీ వచ్చే టైమ్‌కి, 15 నిమిషాలు. ఒకరు ఒక ఉపాయం చూపిస్తారు, అంతే. అందరికన్నా చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి, ఓనర్ ఆఖర్న మాట్లాడాలి, ఎందుకంటే ఓనర్ ముందే అభిప్రాయం చెప్పేస్తే మిగతావాళ్ళ అభిప్రాయం కూడా అదే అయిపోతుంది మనదగ్గర. పని చెయ్యని ఉపాయం కూడా చూపించొచ్చు అని చెప్పండి, "ఇలా ట్రై చేశా, ఇక్కడ ఆగిపోయింది" అంటే పక్కవాళ్ళెవరికో దారి తెలిసుంటుంది.

తప్పు జరిగిన రోజు

అసలు పరీక్ష ఇక్కడే. ఎక్సెల్‌లో అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పు ఒకటుంది, పార్టీల పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి అక్షరక్రమంలోకి సార్ట్ కొట్టడం. పేర్లు మారతాయి, పక్కన బాకీలు కదలవు. చీరాల పార్టీ బాకీ నరసరావుపేట పార్టీ మీదకెళ్ళి కూర్చుంటుంది. దాన్ని చూసుకోకుండా సేవ్ చేసి, అందరికీ బ్యాలెన్స్ మెసేజ్‌లు వెళ్ళిపోయాయనుకోండి. ఫోన్లు మొదలవుతాయి.

ఆ రోజు మీరేం చేస్తారో రాబోయే రెండేళ్ళ వాతావరణం దాన్నిబట్టే ఉంటుంది. ముందు పార్టీలకి ఫోన్ మీరు చెయ్యండి, "మా పొరపాటు, ఆ మెసేజ్ పట్టించుకోకండి" అని, సార్ట్ కొట్టినవాళ్ళతో చేయించకండి. తర్వాత సరైన వెర్షన్ వెనక్కి తెప్పించండి. తిట్టడం ఆ పూటకి ఆపండి. సాయంత్రం కూర్చుని "ఎవరు చేశారు" బదులు "ఎక్కడ జారింది, మళ్ళీ జారకుండా ఏం పెట్టాలి" అని అడగండి. జవాబు చిన్నదే ఉంటుంది, షీటుని ఫిల్టర్ పెట్టి సార్ట్ చెయ్యడం, పంపేముందు ఇంకొకరు ఓ నాలుగు పార్టీలు టాలీతో సరిచూడటం. గ్రూపులో పేరు పెట్టి మెసేజ్ వెయ్యకండి. జీతంలో కోయకండి. ఒక్కసారి కోస్తే ఆ తర్వాత తప్పులు జరగవని కాదు, మీకు తెలియవు.

ఇందులో ఒక చిత్రమైన సంగతుంది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ 90ల్లో అమెరికా ఆసుపత్రుల్లో మందులిచ్చే తప్పుల మీద పరిశోధన చేస్తూ, మంచి టీముల్లో తప్పులు తక్కువుంటాయి అనుకుని చూస్తే లెక్కలు తిరగబడ్డాయట, మంచి టీముల్లోనే ఎక్కువ తప్పులు రికార్డయ్యాయి. వాళ్ళు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, దాచకుండా చెప్తున్నారని తర్వాత అర్థమైంది. 1999లో ఒక తయారీ కంపెనీలో 51 టీముల మీద ఆవిడ రాసిన పేపర్ నుంచే "సైకలాజికల్ సేఫ్టీ" అన్న మాట ఇంత పాపులర్ అయ్యింది, తర్వాత గూగుల్ వాళ్ళు తమ టీముల మీద ప్రాజెక్ట్ అరిస్టాటిల్ అని చేసుకుంటే వాళ్ళకీ అదే అన్నిటికన్నా ముఖ్యం అని తేలింది. కాబట్టి ఇవన్నీ మొదలెట్టిన కొత్తలో మీ దగ్గరకొచ్చే తప్పుల సంఖ్య పెరిగితే కంగారుపడి పాత పద్ధతికి పోకండి.

తెలిసినవాళ్ళ నెత్తినే అన్నీ రుద్దడం

ఇది ఎవరూ మాట్లాడరు గానీ క్రియేటివిటీని చంపేసేవాటిలో నా లెక్కలో ఇదే మొదటిది. ఆ లారీల షీటు అమ్మాయి సంగతే చూడండి. షీటు బాగుందన్నారు. తర్వాతి వారం టైర్ల లెక్క కూడా దాంట్లో పెట్టమన్నారు, ఆ తర్వాత డీజిల్, ఆ తర్వాత డ్రైవర్ల అడ్వాన్సులు, ఆ తర్వాత ఓనర్ గారి తమ్ముడి బండ్లు కూడా. పాత పని ఒక్కటీ తగ్గలేదు, జీతమూ పెరగలేదు. పక్క సీటబ్బాయి ఇదంతా చూసి ఏం నేర్చుకుంటాడు? తెలిసినా తెలీనట్టుండాలి అని. పాపం వాడిది తప్పు కాదు.

కాబట్టి ఎవరైనా ఒక ఉపాయంతో గంట పని మిగిలిస్తే ఆ గంటలో కనీసం సగం వాళ్ళకే వదిలెయ్యండి. కొత్త షీటు బాధ్యత ఇస్తే పాత పని ఒకటి తీసి వేరేవాళ్ళకివ్వండి, అది కూడా అందరి ముందూ చెప్పి. జీతం పెంచేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకుని, గుర్తుపెట్టుకున్నట్టు చెప్పండి, "పోయినేడు ఆ షీటు చేశావు, దానికి ఇంత" అని. షాపుకి మెమెంటోలు, శాలువాలు తెప్పించక్కర్లేదు.

కెమెరాలూ లొకేషన్ యాప్‌లూ

టెక్నాలజీ అంటే మీ స్టాఫ్‌కి మొదట గుర్తొచ్చేది ఏది? బయోమెట్రిక్, సీసీ కెమెరా, సేల్స్ కుర్రాళ్ళ ఫోన్లో లొకేషన్ యాప్, ఇవే ఐతే కష్టం. ఎఫ్‌ఎంసీజీ (సబ్బులు, బిస్కెట్ల లాంటి రోజువారీ సరుకులు), మందుల డిస్ట్రిబ్యూషన్ లైన్లో ఉన్నవాళ్ళకి తెలిసిందే, పొద్దున్నే ముగ్గురి ఫోన్లూ ఒకడే జేబులో వేసుకుని లైనంతా తిరిగొస్తాడు, మిగతా ఇద్దరూ బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటారు. యాప్‌లో మాత్రం ముగ్గురూ గన్నవరం దాకా వెళ్ళొచ్చినట్టుంటుంది. చూశారా, ఇదీ టెక్నాలజీని క్రియేటివ్‌గా వాడటమే, కాకపోతే మీకు వ్యతిరేకంగా. అదే కుర్రాళ్ళని "ఆ లొకేషన్ హిస్టరీ చూసి ఏ షాపులు ఏ వరసలో వెళ్తే పెట్రోల్ మిగుల్తుందో మీరే చెప్పండి, మిగిలిన దాంట్లో మీకూ వాటా" అన్న డిస్ట్రిబ్యూటర్లు కూడా ఉన్నారు, వాళ్ళ దగ్గర రూట్లు కుర్రాళ్ళే గీస్తారు. కెమెరాలు తీసెయ్యమనట్లేదు, క్యాష్ కౌంటర్ దగ్గర ఉండాలి. కానీ ఒక డేటాతో ఒకసారి మనిషిని పట్టుకుని తిట్టాక, అదే డేటాతో మంచి ఆలోచన చెప్పమంటే ఎవరూ చెప్పరు.

చాట్‌జీపీటీ లాంటివి కూడా ఇందులోకే వస్తాయి. మీ ఆఫీసులో ఎవరూ వాడట్లేదు అనుకుంటే పొరపాటు, ఫోన్లో వాడుతున్నారు, బాకీ గుర్తుచేసే మెసేజ్ మర్యాదగా తెలుగులో రాయించుకోవడం దగ్గర్నుంచి ఎక్సెల్ ఫార్ములా అడగడం దాకా. నిషేధించారంటే అదే ఫోన్లో, మీకు తెలీకుండా, పార్టీ పేరూ ఫోన్ నంబరూ తీసెయ్యకుండా జరుగుతుంది. దాని బదులు టీ టైమ్‌లో "ఎవరెవరు దేనికి వాడుతున్నారు" అని మామూలుగా అడిగి, మీరు దేనికి వాడుతున్నారో ముందు మీరే చెప్పి (ఇక్కడ మాత్రం ఓనర్ ముందు మాట్లాడాలి), ఆధార్, పాన్, ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు మాత్రం దాంట్లో పెట్టకూడదు అని హద్దు గీయండి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం కస్టమర్ల వివరాలకి జవాబుదారీ సంస్థే, స్టాఫ్ మీదకి తోసేసి మీరు తప్పుకోలేరు.

ఆ మనిషి మానేస్తే?

ఇవన్నీ కుదిరాక వచ్చే భయం ఇదే, బాగా చేసే పిల్ల పెళ్ళై హైదరాబాద్ వెళ్ళిపోతుంది, లేదా కుర్రాడికి వేరేచోట ఎక్కువ జీతం వస్తుంది, షీటు ఎలా నడుస్తుందో ఎవరికీ తెలీదు. రాసి పెట్టమంటే ఎవరూ రాయరు, అది మర్చిపోండి. ఫోన్లో స్క్రీన్ వీడియో తీయించండి, మామూలు తెలుగులో, "ఇక్కడ తారీఖు వేస్తాం, ఇది మారిస్తే అది మారుతుంది, ఈ గడిని మాత్రం ముట్టుకోవద్దు" అని చెప్తూ ఐదు నిమిషాలు. ఇద్దరు కలిసి తీస్తే ఇంకా మంచిది, ఒకరు చెప్తుంటే రెండోవాళ్ళు అడ్డుపడి అడుగుతారు. మానేస్తానని చెప్పిన రోజున తీయిస్తే అనుమానపడినట్టు ఉంటుంది, అందుకే షీటు పుట్టిన వారంలోనే తీయించెయ్యండి, అలవాటైపోతుంది.

ఇంకా ఆ షీటు ఎవరి జీమెయిల్లో ఉందో ఇవాళే చూడండి, తొంభై శాతం వాళ్ళ సొంత మెయిల్లోనే ఉంటుంది. ఆఫీసుకి ఒక జీమెయిల్ పెట్టి, షేర్ బటన్ నొక్కి ముందు ఆఫీసు మెయిల్‌కి ఎడిటర్‌గా ఇచ్చి, తర్వాత అదే పేరు పక్కనున్న మెనూలో ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్ కొట్టాలి, ఆఫీసు మెయిల్‌కొచ్చిన లింకులో యాక్సెప్ట్ అనేదాకా మారదు. ఆ అమ్మాయికి ఎడిటర్ హక్కు అలాగే ఉంచి, షీటు పైన ఆమె పేరు కూడా అలాగే వదిలెయ్యండి.